సంసోను అప్పగింతలు

తార్నాక నుంచి జర్మనీ వెళ్ళి స్థిరపడిన వాళ్ళలో అందరికంటే గొప్పవాడికి నాలుగు కాళ్ళు, ఒక తోక. వాడి రాక కోసం ఆ దేశం ఒక యూనివర్సిటీని వేసవంతా మూసేసి కూర్చుంది.

సరే, మూసేసి కూర్చుందన్నది కొంచెం ఎక్కువే. యూనివర్సిటీ తెరిచే ఉంది, అందులో ఒక గదికి మాత్రం తాళం పడింది. ఆ తాళం కూడా వాడి కోసం వేసింది కాదు, అందులో పనిచేసే మనిషి దొరక్క వేశారు. అందరికంటే గొప్పవాడన్న మాట కూడా కావాలంటే వెనక్కి తీసుకోవచ్చు. తార్నాక నుంచి డాక్టర్లూ ఇంజనీర్లూ చాలామందే వెళ్ళారు, వాళ్ళ మనసు కష్టపెట్టడం దేనికి? నాలుగు కాళ్ళ మాట మాత్రం నిజం. కుడివైపు వెనక కాలు కాస్త కుంటు కాబట్టి మూడున్నర అనుకున్నా ఫరవాలేదు.

వాడి పేరు సంసోను. ఈ కథ మాత్రం వాణ్ని వదిలి విమానం ఎక్కనని భీష్మించుకున్న రెబెకాది.

రెబెకాది గాజు ఊదే పని. యూనివర్సిటీ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటు వెనకాల రేకుల షెడ్డులో, బుస్సుమంటూ మండే బర్నర్ ముందు, రంగు కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుంటుంది. గాజు గొట్టాన్ని మంటలో తిప్పుతూ, అది పాకంలా సాగడం మొదలుపెట్టగానే రెండో కొస నోట్లో పెట్టుకుని ఊదుతుంది. బుగ్గలు పూరీల్లా పొంగుతాయి. గొట్టం కొసన ఒక బుడగ పుడుతుంది. పరిశోధన చేసే పిల్లలు కాగితం మీద గీసి తెచ్చే వంకర టింకర సామానంతా ఆ బుడగల్లోంచే వస్తుంది. మూడు మూతుల ఫ్లాస్కులు, చుట్ట చుట్టుకున్న పాముల్లాంటి గొట్టాలు, బజారులో ఎంత వెతికినా దొరకని సామాను.

ఆ పని ఆమెకు వచ్చిందే నేర్పనన్నారు కాబట్టి. తండ్రి సామ్యేలు బాపట్ల నుంచి వచ్చి, అదే షెడ్డులో తల నెరిసేదాకా ఊదాడు. కూతురు బడి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడితే, "ఆడపిల్లవి, మంట దగ్గరకి రావద్దు" అనేవాడు. వద్దు అన్న మాట చెవిన పడితే రెబెకాకు ఎక్కడలేని హుషారూ వస్తుంది. కాన్వెంటులో సిస్టర్ ఎడమ చేత్తో రాయవద్దన్నందుకు ఆ ఏడాదంతా రెండు చేతులతోనూ రాసి, రెండు చేతుల మీదా బెత్తం దెబ్బలు తింది. తండ్రి భోజనానికి వెళ్ళినప్పుడల్లా బర్నర్ వెలిగించి, ఒక జడ కొసా రెండు కనుబొమ్మలూ మంటకు సమర్పించుకుని, చివరికి ఒక ఫ్లాస్కు ఊదింది. అది ఎంత పల్చగా వచ్చిందంటే, కిటికీలోంచి గాలి వీస్తే బల్ల మీంచి లేచి గదంతా తేలిందట. తేలిందో దొర్లిందో, మొత్తానికి సామ్యేలు దాన్ని రెండు చేతులతో పట్టుకుని, వెలుతురుకు పెట్టి చూశాడు. ఇంకో స్టూలు తెచ్చి తన స్టూలు పక్కన వేశాడు.

సంసోను కూడా ఒక వద్దులోంచే వచ్చాడు. ఒక వానాకాలం, ఆటో తగిలి కాలు విరిగిన కుక్కపిల్ల హాస్టల్ పక్కన మురిక్కాలువలో మూలుగుతుంటే, "ముట్టుకోకుండ్రి మేడమ్, కరుస్తది" అన్నాడు వాచ్‌మన్. అంతే, అది రెబెకా ఒళ్ళోకి వచ్చేసింది. విరిగిన కాలికి కొలతపెట్టి గాజు తొడుగు ఊది కట్టు కట్టిందని క్యాంపస్‌లో చెప్పుకుంటారు. గాజో వెదురుబద్దో, కాలు అతుక్కుంది, కొంచెం వంకరగా. మెడ చుట్టూ జూలులాంటి బొచ్చు చూసి, కూతురు సౌమ్య వాడికి, బైబిల్లో జుట్టులోనే బలమంతా ఉన్న వీరుడి పేరు, సంసోను అని పెట్టింది.

క్వార్టర్స్‌లో వాడు యువరాజు. రాత్రయ్యేసరికి కైమా అన్నం, బొమికలు, రెబెకా మంచం కింద పడక. పొద్దున మాత్రం ఏమీ ముట్టడు. లేవగానే ప్రహరీగోడ కంతలోంచి దూరి తార్నాక వైపు వెళ్ళిపోయి, ఎండ ముదిరాక తిరిగొస్తాడు.

"మా వాడు వాకింగ్‌కి వెళ్తాడు," అని రెబెకా ఇరుగుపొరుగుకు గొప్పగా చెప్పేది. "క్యాంపస్‌లో ప్రొఫెసర్లకైనా ఆ క్రమశిక్షణ లేదు."

అలా ఉండగా జర్మనీలో ఒక చిన్న ఊరి యూనివర్సిటీలో గాజు ఊదే పెద్దాయన రిటైరయ్యాడు. ఆ పని నేర్చుకునే వాళ్ళు అక్కడా కరువే. ఇక్కడ చదివి అక్కడ చేరిన ఒక అమ్మాయి, రెబెకా ఊదిన ఫ్లాస్కును చీరల మధ్య చుట్టి తీసుకెళ్ళింది. అది చూసి వాళ్ళు వీడియో కాల్ చేసి, ఏదీ, మా ముందు ఒకటి ఊదండన్నారు. ఊదింది. సెప్టెంబర్ మొదట్లో వచ్చి చేరమన్నారు, కుటుంబంతో సహా. ఎంతమంది వస్తారని అడిగితే, రెబెకా తడుముకోకుండా నలుగురమంది.

"నలుగురెవరు రెబెకా?" అన్నాడు భర్త ప్రేమ్ కుమార్, ఫోను పెట్టేశాక. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో గుమాస్తా. తూకం వేయనిదే దేన్నీ నమ్మడు.

"మీరు, నేను, సౌమ్య, సంసోను."

"కుక్కనా? మనకే వీసా వస్తుందో రాదో తెలీదు!"

"వాడికి వీసా అక్కర్లేదు. మీకే కావాలి."

"మమ్మీ పాయింట్ కరెక్టే డాడీ," అంది సౌమ్య. "సంసోను కేస్ మనకంటే స్ట్రాంగ్."

ప్రేమ్ కుమార్ ఆ రోజే గోధుమలు తూచే స్ప్రింగు కాటా తెచ్చి హాల్లో కిటికీ ఊచకు తగిలించాడు. తర్వాత ఆ ఇంట్లో దానికి వేలాడని వస్తువు లేదు. ప్రెషర్ కుక్కరు, బైబిళ్ళు, సౌమ్య కీబోర్డు, ఆవకాయ డబ్బా. ఆవకాయ తూగినంత బరువు ఇంకేదీ తూగలేదు, అయినా దాన్ని జాబితాలోంచి కొట్టేసే ధైర్యం ఆయనకు చాల్లేదు. గ్యాసు కనెక్షన్ అప్పజెప్పడం, సౌమ్యకు బడి నుంచి సర్టిఫికెట్లు తేవడం, మిక్సీకి అక్కడి ప్లగ్గు సరిపడుతుందా అని ఆరా తీయడం, అన్నీ తనే నెత్తిన వేసుకున్నాడు. అన్నింటికంటే కష్టమైంది, తమకు పెళ్ళయిందని నిరూపించుకోవడం. చర్చిలో నాలుగొందల మంది ముందు చేసుకున్న పెళ్ళికి ఇంకో ఆఫీసు ముద్ర, దాని మీద ఢిల్లీ ముద్ర, దాని కింద జర్మన్ తర్జుమా కావలసివచ్చాయి.

"ఇన్ని ముద్రలు పడ్డాక ఇక మీరు నన్ను వదిలించుకోలేరు," అంది రెబెకా.

"నిన్ను వదిలించుకోవాలని ఎవరన్నారు? కుక్కని వదలమంటున్నాను."

ఆ మాట ఆయనొక్కడే అనలేదు. డిపార్ట్‌మెంటులో అన్నారు, చర్చి వాకిట్లో అన్నారు. ఉద్యోగం వచ్చినందుకు పెట్టుకున్న కృతజ్ఞతా ప్రార్థనకూటంలో, ప్రేమ్ కుమార్ అన్న రత్నాకర్ అందరి ముందూ లేచి మరీ అన్నాడు. ఆయన లాలాపేటలో ఉంటాడు, సంఘపెద్ద. ఏ ఇంట తగాదా అయినా స్వీట్ల డబ్బాతో వెళ్ళి తీర్చడం ఆయనకు అలవాటు.

"అమ్మా రెబెకా, దేవుడు ఇంత తలుపు తెరిస్తే, నువ్వు ఆ తలుపులో కుక్కను అడ్డం పడుకోబెడతావా?"

"పడుకోబెట్టను బావగారూ. నడిపించి తీసుకెళ్తాను."

ఆ మర్నాడే, వాడు వాకింగ్ నుంచి తిరిగి రాగానే, తార్నాక సందులో డాక్టర్ రఘువీర్ దగ్గరికి నడిపించింది. పశువుల డాక్టరుగా ఆయనకు మంచి పేరు. సంసోనును బల్ల మీదకు ఎక్కించి, ఆయన నెమ్మదిగా చెప్పుకొచ్చాడు.

"ముందు చిప్పు పెట్టాలమ్మా. బియ్యపు గింజంత ఉంటుంది, మెడ దగ్గర తోలు కింద పెడతాం. ఆ తర్వాతే రేబిస్ టీకా. చిప్పుకి ముందు వేయించిన టీకాలు వాళ్ళు లెక్కలోకి తీసుకోరు. టీకా అయిన నెలకి రక్తం తీసి, బయటి దేశంలో ల్యాబుకి పంపాలి. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. అప్పుడు విమానం."

రెబెకా వేళ్ళ మీద లెక్క వేసింది. మే నెల సగం దాటింది. ఎలా వేసినా లెక్క సెప్టెంబర్ దాటిపోతోంది.

"కుదరదు కదా డాక్టర్ గారూ."

"కుదరదు. మీరు ముందు వెళ్ళండి. వీణ్ని తర్వాత..."

"తర్వాత వద్దు. కుదిరే దారేదో చెప్పండి."

డాక్టర్ నిట్టూర్చి, అలవాటు కొద్దీ సంసోను మెడ మీద స్కానరు తిప్పాడు. అది కీచుమంది. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని మళ్ళీ తిప్పాడు. మళ్ళీ కీచుమంది.

"వీడికి చిప్పు ఉంది!" కంప్యూటర్లో ఆ నంబరు కొట్టి చూసి, బల్ల మీద కుక్కనూ రెబెకానూ మార్చి మార్చి చూశాడు. "వీడు గోవిందు. పోయినేడాది మా క్యాంపులో నేనే పెట్టాను. ఆ తర్వాత టీకా కూడా నేనే వేశాను. అయ్యయ్యో, నుదుట బొట్టు లేకపోయేసరికి గుర్తుపట్టలేదమ్మా!"

"గోవిందా? బొట్టా?"

"కాత్యాయని గారి కుక్క. మీ గోడ అవతల రెండో వీధి. మీకు ఒక రకంగా మంచిదే, రక్తం ఈ వారంలోనే తీయొచ్చు, సెప్టెంబర్‌కి సరిగ్గా అందుతుంది. కానీ..." ఆయన నీళ్ళు నమిలాడు. "కాగితం మీద ఈ కుక్క మీది కాదు. ఆవిడ సంతకం పెడితేనే మీ పేరుకి మారుతుంది. యజమాని పేరు మీది కాకపోతే, మీతో విమానం ఎక్కనివ్వరు."

రెబెకా సంసోను మొహంలోకి చూసింది. వాడు గోడ మీద క్యాలెండరు కేసి చూశాడు.

"వాకింగా నీది?" అంది.

మరునాడు పొద్దున రెబెకా గోడ కంత దాకా వాడి వెనకే వెళ్ళింది. కంత తనకు పట్టదు కాబట్టి గేటు చుట్టూ తిరిగి వెళ్ళేసరికి, తార్నాక రెండో వీధిలో ఒక ముగ్గు వాకిట్లో అరిటాకు ముక్క, ఆకులో పెరుగన్నం, అన్నం ముందు సంసోను, సంసోను నుదుట ఎర్రటి బొట్టు. ఇంటికొచ్చేటప్పుడు గోడ కంతకు రాసుకుని అది రోజూ చెరిగిపోతోందన్నమాట. పక్కన పీట మీద ఒక పెద్దావిడ కూర్చుని విసనకర్రతో విసురుతోంది. వెనకాల వాలుకుర్చీలో ఆవిడ భర్త వెంకటసుబ్బారావు పేపరు చదువుతున్నాడు. ఆయన బ్యాంకులో పనిచేసి దిగిపోయిన మనిషి.

"ఎవరమ్మా?" అంది కాత్యాయని.

"నేను సంసోను వాళ్ళమ్మనండి."

"ఏ సంసోను?"

"అదిగో, మీ పెరుగన్నం తింటున్నాడే, ఆ సంసోను."

"వీడు గోవిందు."

"నాలుగేళ్ళుగా రోజూ నా మంచం కింద పడుకుంటున్నాడండీ."

"నాలుగేళ్ళుగా రోజూ నా పూజ అయ్యేదాకా ఈ గుమ్మంలో కూర్చుంటున్నాడమ్మా. ప్రసాదం పెట్టందే ఆకు ముట్టడు. మా ఇంట్లో వాడికున్న నిష్ఠ ఇంకెవరికీ లేదు. శనివారం ఒంటిపూట కూడా ఉంటాడు."

"ఎందుకుండడండీ? శుక్రవారం రాత్రి మా ఇంట్లో కైమా అన్నం తిని, శనివారం పొద్దునకి పొట్ట దిగక."

విసనకర్ర ఆగిపోయింది.

"కైమానా? గోవిందా?" కాత్యాయని పీట మీంచి లేచింది. వెనక్కి తిరిగింది. పేపరు గడగడ వణుకుతోంది. "ఏమండీ! మీకు తెలుసా?"

"నాకు ఆమ్లెట్ దాకానే తెలుసు," అన్నాడు పేపరు వెనకనుంచి వెంకటసుబ్బారావు.

ఆవిడ భర్తకు వీపు పెట్టి మళ్ళీ పీట మీద కూర్చుంది. రెబెకా నెమ్మదిగా గేటు తీసుకుని లోపలికి వచ్చి, మెట్టు మీద కూర్చుని, ఉద్యోగం సంగతి, సెప్టెంబర్ సంగతి, డాక్టర్ అన్న మాట, అన్నీ చెప్పింది. ఒక్క సంతకం పెట్టమంది.

"పెట్టను," అంది కాత్యాయని. "చలిదేశం. వీడికి వానజల్లు పడితేనే పడిశం పడుతుంది."

"స్వెట్టరు వేస్తానండీ."

"వద్దమ్మా. వీణ్ని నాకు వదిలేసి నువ్వు చల్లగా వెళ్ళిరా."

ఆ మాట అనకుండా ఉండవలసింది. రెబెకా లేచి నిలబడింది. గాజు ఊదేటప్పటిలా బుగ్గలు పొంగాయి. "వస్తానండీ," అని మాత్రం అని, సంసోనును చంకన ఎత్తుకుని వచ్చేసింది. చంకన పట్టే కుక్క కాదు వాడు, అయినా పట్టించింది.

ఆ సాయంత్రం ప్రేమ్ కుమార్ చేత ఇటుకలు తెప్పించి గోడ కంత పూడ్పించింది. పొద్దున సంసోను ఆ ఇటుకల ముందు కూర్చుని ఎత్తుకున్న రాగానికి క్వార్టర్స్‌లో పసిపిల్లలంతా జడుసుకున్నారు. అవతల్నుంచి "గోవిందూ, నేనిక్కడే ఉన్నానురా," అన్న గొంతు వినిపించింది. తెల్లారేసరికి ఒక ఇటుక లేదు. రెబెకా ఇంకోటి పెట్టింది. మర్నాటికి రెండు లేవు. కంతలోంచి ఒక గాజుల చెయ్యి, ఆ చేతిలో పెరుగన్నం ముద్ద లోపలికి వస్తున్నాయి. ఆ చేతిని కొట్టడానికి రెబెకాకు మనసు రాలేదు, ముద్దను ఆపడానికి సంసోనుకు మనసు రాలేదు. ఇటు వారం గడిచిపోతోంది. డాక్టర్ ఫోను చేసి, రక్తం ఇంకా ఆలస్యమైతే సెప్టెంబర్ ఆశ వదులుకోమన్నాడు.

అప్పుడు రెబెకా జర్మనీకి ఒక మెయిల్ రాసింది. మా ఇంట్లో నలుగురం, నాలుగోవాడి పనులు కాకపోతే మిగతా ముగ్గురమూ రాము, ఇంకెవరినైనా చూసుకోండి అని. ప్రేమ్ కుమార్‌కు చూపించకుండానే పంపేసింది. పంపాక చూపించింది. ఆయన మొదట మంచం మీద కూర్చున్నాడు, తర్వాత అన్నకు ఫోను చేశాడు.

రత్నాకర్ ఆదివారం ఆరాధన అవగానే స్వీట్ల డబ్బాతో సరాసరి కాత్యాయని ఇంటికి వచ్చాడు. వెనక ప్రేమ్ కుమార్, ఆ వెనక, ఏం జరుగుతుందో చూడాలని రెబెకా, సంసోను. వాడు గేటు దాటగానే వెళ్ళి తన ఆకు పడే చోట కూర్చున్నాడు.

"వందనాలమ్మా," అన్నాడు రత్నాకర్, డబ్బా బల్ల మీద పెట్టి. "ఒక వీధికుక్క కోసం రెండు మర్యాదస్తుల కుటుంబాలు ఇలా రచ్చకెక్కడం బాగాలేదు. మా మరదలికి నేను నచ్చచెప్తాను. ఆ జంతువును మీరే ఉంచుకోండి. మాకు పీడ వదిలిపోతుంది."

కాత్యాయనికి కావలసింది దొరికినట్టే. కానీ పెద్దావిడ చెయ్యి స్వీట్ల డబ్బా మీదకు పోలేదు, కొంగు మీదకు పోయింది. కొంగు నడుముకు బిగించింది.

"ఎవరండీ వీధికుక్క?"

"అబ్బే, నా ఉద్దేశం..."

"వాడికి రెండిళ్ళున్నాయి. మీకెన్నున్నాయి?"

వెంకటసుబ్బారావు పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఇలాంటి రోజులు ఆయన జీవితంలో అరుదు.

"పీడట! మా గోవిందు పీడట! ఏమ్మా అమ్మాయీ, మీ ఇంట్లో అందరూ వీడి గురించి ఇలాగే మాట్లాడతారా?"

"నేను తప్ప అందరూ ఇలాగే అంటారండీ," అంది రెబెకా. "అందుకే ఉద్యోగం వద్దని రాసేశాను. వాడు లేకపోతే రానని."

"రాసేశావా? నిజంగా?"

"నిజంగా రాసిందండీ," అన్నాడు ప్రేమ్ కుమార్ ఏడుపు గొంతుతో. "నాకు చూపించకుండా రాసింది."

కాత్యాయని రెబెకాను పైనుంచి కిందకు ఒకసారి చూసింది. ఇన్నాళ్ళూ తను ఇటుకలు తీసింది, రెబెకా పెట్టింది. గోడకు ఇటుపక్క కుక్క కోసం తను వదులుకున్నదేమీ లేదు, పొద్దుటి నిద్ర తప్ప. అటుపక్క మనిషి ఒక దేశాన్నే వదిలేసుకుని వచ్చి కూర్చుంది. ఈ ఊళ్ళో వాడి విలువ తెలిసింది ఇద్దరికే. ఆ ఇద్దరే కొట్లాడుకుంటుంటే, మధ్యలో ఎవరో స్వీట్ల డబ్బాతో వచ్చి వాణ్ని పీడ అన్నాడు.

"ఏమండీ, పెన్నివ్వండి."

"కాత్యాయనీ, ఆలోచించుకుని..."

"పెన్నివ్వండంటుంటే! అమ్మాయ్, కాగితమేదీ? ఎక్కడ పెట్టాలి?" గబగబా సంతకం పెట్టి, కాగితం మాత్రం చేతిలోనే ఉంచుకుంది. "ఒక షరతు. ఆడపిల్లను పంపినట్టే పంపుతాను. వెళ్ళే రోజు నాకు అప్పగింతలు కావాలి. పాలపళ్ళెంతో సహా."

"అప్పగింతలా?" రత్నాకర్ కుర్చీలోంచి లేచాడు. "కుక్కకా? అదీ మా ఇంట్లోనా? అమ్మా రెబెకా, మన విశ్వాసంలో ఈ తంతులు..."

"పాలపళ్ళెం ముందు కూర్చునేది నేను బావగారూ," అంది రెబెకా, కళ్ళు కాత్యాయని మీంచి తిప్పకుండా. "మీరు ఆ స్వీట్లు తినండి, చల్లారతారు. మీ ఇష్టమండీ కాత్యాయని గారూ, పాలు నేనే తెస్తాను."

రక్తం మర్నాడే తీశారు. జర్మనీ నుంచి జవాబు కూడా వచ్చింది, నలుగురికీ సరిపడా ఇల్లు చూస్తున్నామని. గోడ కంతకు పెట్టిన ఇటుకలన్నీ తీసేశారు.

ఇక పెట్టె సంగతి. కుక్క నిలబడి చుట్టూ తిరిగేంత పెట్టె ఉండాలన్నారని, ప్రేమ్ కుమార్ తన వర్క్‌షాపులో వడ్రంగి గట్టయ్యకు చెప్పాడు. గట్టయ్య బలమైన టేకుతో, ఇనుప పట్టీలతో ఒకటి చేసి, ట్రాలీ మీద తెచ్చాడు. నలుగురు దింపారు.

"గిది పెట్టె కాదు సార్, బోగీ. దీన్ల ఏనుగును వెట్టినా ఏం గాదు, డెబ్బై ఏండ్లు నడుస్తది."

"మేం పోయేది విమానంలో గట్టయ్యా, రైల్లో కాదు."

"విమానం గూడ గింతే ఉంటది గద సార్. గాలిల ఉంటది, గంతే."

దాన్ని తూచడానికి కిటికీ ఊచ చాల్లేదు. చివరికి ప్లాస్టిక్ పెట్టె కొన్నారు. సంసోను అందులో అడుగు పెట్టనన్నాడు. వాడికి అలవాటు చేయడానికి రెబెకా తనే దూరి, కాళ్ళు బయట పెట్టుకుని, మధ్యాహ్నాలు అందులో పడుకునేది. కొన్నాళ్ళకు రెబెకాకు అందులో గాఢనిద్ర పట్టింది. సంసోనుకు అసూయ పుట్టి, ఆమెను నెట్టి తను పడుకున్నాడు.

వెళ్ళే రోజు మధ్యాహ్నం, సామానంతా వరండాలో పేర్చి ఉండగా, కాత్యాయని పట్టుచీర కట్టుకుని వచ్చింది. చాప వేసింది. పళ్ళెంలో పాలు పోసింది. సంసోను ముందు కాళ్ళు రెండూ పాలలో ముంచి, రెబెకా అరచేతుల్లో పెట్టింది.

"అమ్మాయీ, వీడు కోపిష్టి, ఓర్చుకో. ఉరుములకి భయం, దగ్గర కూర్చోబెట్టుకో. ఏం తిన్నా అడగను, శనివారం మాత్రం పెరుగన్నం పెట్టు. పొద్దున ఒకసారి గోవిందూ అని పిలు, అలవాటైన పేరు."

రెబెకా తలాడించింది. బర్నర్ ముందు కూర్చుని ఎన్ని గంటలు ఊదినా ఏనాడూ కళ్ళు తుడుచుకోని మనిషి, భుజంతో తుడుచుకుంది, చేతులు ఖాళీ లేవు కాబట్టి. సంసోను ఇదే అదనుగా పళ్ళెంలో మూతి పెట్టి పాలన్నీ తాగేశాడు. రత్నాకర్ మొహం అటు తిప్పుకున్నాడు. ప్రార్థన చేయమని ప్రేమ్ కుమార్ అడిగితే, ఒక్క క్షణం తటపటాయించి, ప్రయాణికుల పేర్లు వరసగా చెప్తూ, చివర "నాలుగోవాణ్ని కూడా" అన్నాడు.

ఎయిర్‌పోర్టులో ఆఫీసరు మెడ మీద స్కానరు తిప్పి, కాగితాల్లో నంబరు సరిచూసుకుని, పేరు దగ్గర ఆగాడు.

"సంసోను గోవిందు. రెండు పేర్లేంటి మేడమ్?"

"ఒకటి ఇంటిపేరు," అంది రెబెకా.

"ఏది?"

"రెండూ."

ఆయన ముద్ర వేశాడు.

ఈ కథ రాసిన నేను, ఇక్కడిదాకా జర్మనీకి ఫోనులో చదివి వినిపించగానే రెబెకా నా మీద మండిపడింది.

"పచ్చి అబద్ధం బాబాయ్ గారూ! కాత్యాయని గారు అడిగిన రోజే సంతకం పెట్టి, కాఫీ ఇచ్చి పంపారు. నేను ఇటుకలూ పెట్టలేదు, ఆవిడ తీయనూ లేదు. మా బావగారు అసలు ఆ ఇంటి గడపే తొక్కలేదు. ఉద్యోగం వద్దని నేనెవరికీ రాయలేదు. పాలపళ్ళెం లేదు, అప్పగింతలు లేవు, నేను ఏడవలేదు. ఒక్క ముక్క కూడా జరగలేదు. కొట్టేయండి."